పిడుదు ఏ జంతువును పట్టుకుంటుంది, రోగాన్ని ఎలా మోస్తుంది?

ఒకే బీడులో మేసి వచ్చిన రెండు పశువుల్లో ఒకదాని చెవులు, గంగడోలు పిడుదులతో నిండిపోతాయి. రెండోదాని ఒంటిమీద వెతికినా నాలుగైదు దొరకవు. ఒకే జాతి పిడుదు ఒక అడవిలో ఏటా మనుషులను జబ్బుపడేలా చేస్తుంది, మరో ప్రాంతంలో కరిచినా దురద తప్ప ఏమీ ఉండదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ జనాన్ని తికమకపెట్టేవి ఈ తేడాలే.

పిడుదు చెట్ల మీంచి దూకుతుందని, రక్తం తియ్యగా ఉన్నవాళ్లనే పట్టుకుంటుందని చాలామంది నమ్ముతారు. నిజానికి దానికి రెక్కలు లేవు, దూకగల కాళ్లు లేవు. చాలా జాతులకు కళ్లు కూడా లేవు. ఇన్ని పరిమితులున్న జీవి తనకు కావాల్సిన జంతువును ఎలా చేరుకుంటుందో తెలిస్తే, రోగం ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా అర్థమవుతుంది.

క్లుప్తంగా

పిడుదు జంతువును వెతుక్కుంటూ వెళ్లడం తక్కువ. దారిలో కాచుకుని, దొరికినదాన్ని పట్టుకోవడమే ఎక్కువ. ఏ ఎత్తులో, ఎంత తేమలో, ఏ నెలలో కాచుకుందన్నదే చాలావరకు దాని ఆతిథేయిని, అంటే అది రక్తం తాగే జంతువును, నిర్ణయిస్తుంది. వాసన, వేడి ఆ తర్వాత పనిచేస్తాయి. ఎక్కిన తర్వాత నిలవాలా రాలాలా అన్నది ఆ జంతువు చర్మం, రోగనిరోధక శక్తి తేలుస్తాయి. రోగం వ్యాపించడానికి పిడుదుల సంఖ్య ఒక్కటే చాలదు. అవి ఏ వరుసలో ఏయే జంతువుల రక్తం తాగాయన్నది ముఖ్యం.

జీవితమంతటికీ మూడే భోజనాలు

పిడుదులు కీటకాలు కావు. సాలెపురుగులు, తేళ్లు ఉన్న వర్గానికి చెందిన జీవులు. ప్రపంచంలో సుమారు 900 జాతులను గుర్తించారు. వీటిలో ఎక్కువ భాగం వీపు మీద పెంకు ఉండే గట్టి పిడుదులు. మిగతావి దాదాపు అన్నీ మెత్తటి పిడుదులు. పశువులకు, కుక్కలకు పట్టి గోమార్లుగా పేరుపడ్డవి, మనుషుల జ్వరాల వార్తల్లో ఎక్కువగా కనిపించేవి గట్టి పిడుదులే.

గుడ్డు నుంచి వచ్చిన లార్వాకు ఆరు కాళ్లుంటాయి. అది ఒకసారి కడుపునిండా రక్తం తాగి, కుబుసం విడిచి, ఎనిమిది కాళ్ల నింఫ్‌గా మారుతుంది. నింఫ్ ఇంకోసారి తాగి పెద్ద పిడుదు అవుతుంది. పెద్దదైన ఆడ పిడుదు చివరిసారి తాగి, నేలమీద రాలి, వేలల్లో గుడ్లు పెట్టి చనిపోతుంది. పుట్టుక నుంచి చావు దాకా మూడే భోజనాలన్నమాట. మధ్యలో నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏడాదికి పైగా, ఏమీ తినకుండా బతకగలదు.

ఆ మూడు భోజనాలు ఎక్కడ జరుగుతాయన్న దగ్గరే జాతికీ జాతికీ పెద్ద తేడా వస్తుంది. రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే పశువుల పిడుదు లార్వాగా ఒక పశువును ఎక్కితే ఇక దిగదు. రెండుసార్లు కుబుసం విడవడం, జతకట్టడం, చివరి భోజనం అన్నీ ఆ ఒక్క ఒంటిమీదే సుమారు మూడు వారాల్లో ముగించుకుని, గుడ్లు పెట్టడానికే కిందికి రాలుతుంది. హయలోమా మార్జినేటమ్ అనే జాతి మొదటి రెండు భోజనాలను ఒకే కుందేలు మీదో నేలమీద తిరిగే పక్షి మీదో చేసి, మూడోదానికి పెద్ద పశువును పట్టుకుంటుంది. బాక్టీరియా వల్ల వచ్చే లైమ్ వ్యాధిని మోసే ఇక్సోడెస్ జాతులు మూడుసార్లు మూడు వేర్వేరు జంతువులను ఎక్కాలి. చిన్నప్పుడు ఎలుక, చుంచెలుక, పక్షి లాంటివి, పెద్దయ్యాక జింక. ఇలా ఒక జంతువు నుంచి ఇంకో జంతువుకు మారడమే రోగక్రిములకు తలుపు తెరుస్తుంది.

మెత్తటి పిడుదుల దారి పూర్తిగా వేరు. అవి గూళ్లలో, బొరియల్లో, గోడ పగుళ్లలో దాక్కుని, అక్కడ నిద్రించే జంతువు రక్తాన్ని సాధారణంగా గంటలోపు తాగేసి మళ్లీ పగుల్లోకి వెళ్లిపోతాయి. ఇలా జీవితంలో చాలాసార్లు తాగుతాయి. అవి జంతువును ఎంచుకుంటాయనేకంటే ఇంటిని ఎంచుకుంటాయని చెప్పడమే సరైనది. ఆ ఇంట్లో ఎవరు పడుకుంటే వారే వాటి ఆహారం.

ఏ ఎత్తున కాచుకుంటే ఆ జంతువు

గట్టి పిడుదుల్లో చాలా జాతులు గడ్డిపోచ మీదికో చిన్న పొద మీదికో ఎక్కి, వెనక కాళ్లతో పట్టుకుని, ముందు కాళ్లు చాచి ఎదురుచూస్తాయి. జంతువు ఒరుసుకుంటూ వెళ్లినప్పుడు ఆ ముందు కాళ్లే కొక్కేల్లా దాని వెంట్రుకలకు తగులుకుంటాయి.

ఎంత ఎత్తు ఎక్కాలన్నది పిడుదు ఇష్టం కాదు. దాని ఒంట్లో ఉన్న నీరు నిర్ణయిస్తుంది. భోజనానికీ భోజనానికీ మధ్య పిడుదుకు నీళ్లు దొరికేది ప్రధానంగా గాలిలోని తేమ నుంచే. నోటి దగ్గర ఉప్పు గుణమున్న లాలాజలాన్ని ఊరించి, దానితో తేమను పీల్చి, మళ్లీ లోపలికి తీసుకుంటుంది. ఇక్సోడెస్ జాతులకు గాలిలో తేమ 80 శాతం కంటే తగ్గితే ఒళ్లు ఎండిపోవడం మొదలవుతుంది. అప్పుడు గడ్డిపోచ దిగి, రాలిన ఆకుల కింద తడిలో కాసేపు ఉండి, మళ్లీ ఎక్కాలి. ఆవగింజ కంటే చిన్నదైన లార్వా తొందరగా ఎండిపోతుంది కాబట్టి నేలకు దగ్గర్లోనే ఉంటుంది. అక్కడ తిరిగేవి ఎలుకలు, తొండలు, నేల పక్షులు. పెద్ద పిడుదు ఎక్కువసేపు ఎండను ఓర్చుకుని మోకాలి ఎత్తు దాకా వెళ్లగలదు. అక్కడ తగిలేవి జింకలు, పశువులు, కుక్కలు, మనుషుల కాళ్లు. లార్వాకు ఎలుక మీద, పెద్దదానికి జింక మీద మక్కువ ఉన్నట్టు కనిపించడంలో చాలా భాగం ఈ ఎత్తుల తేడాయే.

నెలలు, వేళలు కూడా ఇలాగే జంతువులను వడకడతాయి. లార్వాలు బయటికొచ్చే కాలంలో ఏ చిన్న జంతువులు ఎక్కువగా తిరుగుతాయో అవే వాటి పాలబడతాయి. రాత్రి తేమగా ఉన్నప్పుడు కాచుకునే పిడుదుకు రాత్రి తిరిగే జంతువే దొరుకుతుంది.

కొన్ని జాతులు మాత్రం నిజంగానే వేటాడతాయి. హయలోమాలకు కళ్లున్నాయి. నేలమీద నీడ పట్టున పొంచి ఉండి, జంతువు అలికిడి పసిగట్టగానే లేచి, మీటర్ల దూరం దాని వెంట పరుగెత్తుతాయి. ఎండిన, గడ్డి పలచగా ఉండే నేలల్లో కాచుకుని కూర్చోవడం కుదరదు కాబట్టి ఈ పద్ధతి అక్కడ నిలబడింది. అమెరికాలోని లోన్‌స్టార్ పిడుదు కూడా కార్బన్ డయాక్సైడ్ వచ్చే వైపు నడుస్తుంది. పరిశోధకులు గడ్డిలో పొడి మంచు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) ముక్కను ఉంచితే, దాన్నుంచి వెలువడే వాయువుకు ఈ పిడుదులు నాలుగు వైపుల నుంచీ నడిచివస్తాయి.

ముందు కాళ్లలో ముక్కు

పిడుదుకు మీసాల్లాంటి స్పర్శకాలు లేవు. ఆ పనిని మొదటి జత కాళ్ల చివర ఉండే చిన్న గుంట చేస్తుంది. దీన్ని హాలర్ అవయవం అంటారు. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, మూత్రంలోని అమ్మోనియా, చెమటలోని ఆమ్లాలు, గాలిలోని తేమ, ఒంటి వేడి అన్నింటినీ అది పసిగడుతుంది. కొన్ని జాతుల్లో కొంత దూరం నుంచే శరీరపు వేడి కిరణాలను గుర్తించగలదని ప్రయోగాల్లో తేలింది. కాచుకున్న పిడుదు ముందు కాళ్లను గాలిలో ఊపేది వాసన పట్టడానికే.

కార్బన్ డయాక్సైడ్, వేడి అన్ని జంతువుల నుంచీ వస్తాయి. వాటి వల్ల ఏదో జంతువు దగ్గరికొచ్చిందని తెలుస్తుంది తప్ప ఏ జంతువో తెలియదు. జాతుల మధ్య తేడాను చెప్పేవి చర్మపు వాసనలు. బ్రెజిల్ పరిశోధకులు కుక్క పిడుదులతో చేసిన ప్రయోగాలు ఇందుకు మంచి ఉదాహరణ. కాకర్ స్పానియల్ కుక్కలకు విపరీతంగా పట్టే ఈ పిడుదులు బీగిల్ కుక్కలకు తక్కువగా పడుతున్నాయి. కారణం వెతికితే బీగిల్ ఒంటి వాసనలో బెంజాల్డిహైడ్, 2-హెక్సనోన్ అనే రసాయనాలు బయటపడ్డాయి. అవి పిడుదులను దూరంగా ఉంచుతున్నాయి. అంటే ఒక జంతువు ఆకర్షించకపోవడం ఒకటి, వెనక్కి నెట్టడం ఇంకొకటి. జంతువుల మధ్య తేడాల్లో ఈ రెండోది కూడా గట్టి పాత్ర పోషిస్తుంది.

ఆఫ్రికా పశువులకు పట్టే కొన్ని ఆంబ్లియోమా పిడుదులు ఇంకా నమ్మకమైన దారి కనిపెట్టాయి. ముందే ఒక పశువు మీద తాగుతున్న మగ పిడుదులు ఒక వాసనను వదులుతాయి. ఇంకా ఆకలితో ఉన్న పిడుదులు ఆ వాసన ఉన్న పశువునే ఎక్కుతాయి. అక్కడ రక్తం దొరుకుతుందని, ఆ పశువు తమను విదిలించుకోలేదని అప్పటికే రుజువైంది కాబట్టి. మందలో పిడుదులన్నీ కొన్ని పశువుల మీదే పోగుపడటానికి ఇలాంటి జాతుల్లో ఇదొక కారణం.

2023లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరో సంగతి బయటపెట్టారు. గడ్డిలో, పొదల్లో తిరిగే జంతువుల వెంట్రుకలకు స్థిర విద్యుత్తు అంటుతుంది. ఆ విద్యుత్తు పిడుదును చిన్న ఖాళీ దాటించి గాలిలోంచే జంతువు మీదికి లాగగలదు. దూకలేని జీవికి ఇది పెద్ద సాయమే. పిడుదు ఎగిరి వచ్చి పడిందని కొందరికి అనిపించడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఎక్కితే చాలదు, నిలవాలి

ఎక్కిన పిడుదుల్లో చాలావాటికి భోజనం పూర్తికాదు. జంతువు నాకుతుంది, గోకుతుంది, ఒరుసుకుంటుంది. అందుకే అవి చెవుల్లో, మెడ కింద, పొదుగు దగ్గర, తోక మొదట్లో, నాలుక అందని చోట్ల పోగవుతాయి. మిగిలినవాటిని చర్మం లోపలి పోరాటం తేలుస్తుంది. ప్రయోగశాలలో గినీ పందులకు రెండు మూడుసార్లు పిడుదులను పట్టిస్తే, ఆ తర్వాత వచ్చినవి సరిగ్గా తాగలేక రాలిపోతాయి. కాటు దగ్గరికి చేరే కొన్ని తెల్ల రక్తకణాలు అక్కడ మంట, దురద రేపి పిడుదును నిలవనివ్వవు. అదే మామూలు ఎలుకల్లో ఈ ప్రతిఘటన చాలా బలహీనం. ఎన్నిసార్లు పట్టినా వాటి ఒంటిమీద లార్వాలు హాయిగా తాగి దిగుతాయి. రోగ వ్యాప్తిలో ఎలుకలకు అంత ప్రాధాన్యం రావడానికి మూలం ఇక్కడుంది.

పశువుల్లోనూ ఇదే తేడా. మూపురం ఉన్న జీబూ రకాల మీద పశువుల పిడుదు నిలవడం కష్టం, యూరప్ రకాల మీద సులువు. వేల ఏళ్లు పిడుదులతో కలిసి బతికిన రకాలకు ఆ నిరోధం అబ్బింది. ఒకే మందలో, ఒకే రకంలో కూడా పశువుకూ పశువుకూ ఈ శక్తి మారుతుంది, అది కొంతవరకు వంశపారంపర్యంగా వస్తుంది. మొదట్లో చెప్పిన రెండు పశువుల తేడాకు ఎక్కువగా ఇదే కారణం.

కాటు దగ్గర ఏం జరుగుతుంది

దోమ నిమిషాల్లో తాగి వెళ్లిపోతుంది. గట్టి పిడుదు రోజుల తరబడి అక్కడే ఉండాలి. లార్వా, నింఫ్‌లు మూడు నుంచి ఐదు రోజులు, పెద్ద ఆడది వారం పైగా ఉంటాయి. వెనక్కి వంగిన ముళ్లున్న నోటిని చర్మంలో దింపి, చాలా జాతులు చుట్టూ సిమెంటులాంటి పదార్థం కూడా పోసుకుంటాయి. లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాలు, దురద తెలియనివ్వనివి, రోగనిరోధక కణాలను దారి తప్పించేవి వందల రకాల ప్రోటీన్లు ఉంటాయి. కరిచిన సంగతే మనిషికి తెలియకపోవడం వీటి పనే. లోన్‌స్టార్ పిడుదు కాటు తర్వాత కొందరికి మేక, గొడ్డు, పంది మాంసం పడకుండా పోయే అలర్జీ కూడా వస్తుంది. ఆల్ఫా-గాల్ అనే చక్కెర పదార్థం మీద శరీరం తిరగబడటమే దానికి కారణం.

రోగ వ్యాప్తికి అసలు కీలకం ఒక నీటి సమస్య. ఆడ పిడుదు తాగుతూ తన బరువును వంద రెట్లకు పెంచుకుంటుంది. రక్తంలో ఎక్కువ భాగం నీరే. అంత నీటిని దాచుకోలేదు కాబట్టి, రక్తాన్ని చిక్కబరిచి, మిగిలిన నీటిని లాలాజలంగా మళ్లీ జంతువు ఒంట్లోకే వదిలేస్తుంది. తాగడం, ఉమ్మడం ఇలా మారిమారి జరుగుతాయి. పిడుదు కడుపులోనో లాలాజల గ్రంథుల్లోనో ఉన్న క్రిమికి ఇంతకు మించిన దారి అక్కర్లేదు.

ఏ రోగానికి ఎంత సమయం పడుతుందన్నది క్రిమి ఎక్కడ కాచుకుని ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. లైమ్ వ్యాధి బాక్టీరియా ఆకలితో ఉన్న పిడుదు పేగులో నిద్రావస్థలో ఉంటుంది. వేడి రక్తం తగిలాక మేల్కొని, పెరిగి, పైపొరలోని ప్రోటీన్లు మార్చుకుని, పేగు గోడ దాటి లాలాజల గ్రంథులకు చేరాలి. దీనికి సాధారణంగా 24 గంటలకు పైనే, చాలాసార్లు 36 నుంచి 48 గంటలు పడుతుంది. మెదడువాపు తెచ్చే పొవాసన్ వైరస్ మాత్రం ముందే లాలాజల గ్రంథుల్లో సిద్ధంగా ఉంటుంది. ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో 15 నిమిషాలకే అది సోకింది. కాబట్టి ‘ఒక రోజులోపు తీసేస్తే ఫర్వాలేదు’ అన్న మాట లైమ్ వరకే సరిపోతుంది, అన్ని పిడుదు రోగాలకూ వర్తించదు. పిడుదు కనబడగానే సన్నని కొనలున్న పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగేయాలి. నిప్పు అంటించడం, నూనె, కిరోసిన్ పోయడం మంచిది కాదు. వాటితో సమయం వృథా అవుతుంది, చికాకుపడిన పిడుదు ఒంట్లోంచి ద్రవాలు కాటులోకి వచ్చే ప్రమాదమూ ఉంది.

పిడుదును పెంచేది ఒక జంతువు, క్రిమిని పెంచేది మరొకటి

రోగ వ్యాప్తి గురించిన గందరగోళంలో ఎక్కువ భాగం ఈ రెండింటినీ కలిపేయడం వల్లే వస్తుంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి చుట్టుపక్కల 1975 ప్రాంతంలో పిల్లలకు కీళ్ల వాపులు ఎక్కువగా రావడంతో ఈ వ్యాధి వెలుగులోకి వచ్చింది. శాస్త్రవేత్త విల్లీ బర్గ్‌డోర్ఫర్ బృందం పిడుదుల పేగుల్లో దాని బాక్టీరియాను గుర్తించి 1982లో ప్రకటించింది. దాన్ని మోసేదానికి జనం పెట్టిన పేరు జింక పిడుదు. అందుకని జింకే రోగానికి మూలం అనిపిస్తుంది. కానీ జింక రక్తంలో ఈ బాక్టీరియా నిలవదు. జింకను తాగిన పిడుదుకు రోగం అంటదు.

లార్వా గుడ్డు నుంచి వచ్చేటప్పుడు దాదాపు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. మొదటి భోజనం తెల్లకాళ్ల ఎలుక మీద అయితే అక్కడ బాక్టీరియాను అంటించుకుంటుంది. నింఫ్‌గా మారి మనిషిని పట్టినప్పుడు దాన్ని దించుతుంది. జింక చేసేది పెద్ద పిడుదులకు చివరి భోజనం పెట్టి లక్షల గుడ్లకు దారివేయడం. ఎలుక లేకపోతే పిడుదులుంటాయి, రోగం తగ్గుతుంది. జింక లేకపోతే పిడుదులే తగ్గుతాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరంలోని మోన్‌హెగన్ దీవిలో 1990ల చివర జింకలన్నింటినీ తొలగించాక, కొన్నేళ్లలో ఆ పిడుదులు దాదాపు మాయమయ్యాయి. చుట్టూ సముద్రం ఉన్న దీవిలో సాధ్యమైనది, జింకలు మళ్లీ మళ్లీ వచ్చిపడే ప్రధాన భూభాగంలో అంత తేలిక కాదు.

మూడో రకం జంతువులు కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలోని ఒక తొండ జాతి రక్తం ఈ బాక్టీరియాను చంపేస్తుంది. రోగంతో ఉన్న నింఫ్ దాన్ని తాగితే రోగం పోగొట్టుకుని దిగుతుంది. ఇలాంటి జంతువులు ఎక్కువగా ఉన్న అడవిలో పిడుదుల కాట్లు పంచుకుపోయి రోగం పలచబడుతుందన్న వాదన ఇక్కడి నుంచే బలపడింది. వినడానికి బాగుంటుంది, కొన్ని చోట్ల నిజం కూడా. అయితే కాలిఫోర్నియాలోనే కొన్ని స్థలాల నుంచి తొండలను తీసేసి చూసిన ప్రయోగం ఫలితం 2011లో వెలువడినప్పుడు లెక్క తిరగబడింది. తొండలు పోతే లార్వాలన్నీ ఎలుకల మీదికి మళ్లి రోగం పెరగాలి. అలా జరగలేదు. చాలా లార్వాలు వేరే జంతువును పట్టుకోలేక చనిపోయాయి, రోగంతో ఉన్న నింఫ్‌ల సంఖ్య తగ్గింది. తొండ ఒకవైపు బాక్టీరియాను చంపుతూనే, మరోవైపు పిడుదులకు ఇష్టమైన ఆహారంగా వాటిని పెంచి పోషిస్తోందన్నమాట. జీవవైవిధ్యం పెరిగితే రోగం తగ్గుతుందని ఒక్క ముక్కలో తేల్చేయడం అందుకే సరికాదు. ఏ జంతువు పెరిగింది, అది ఏ పని చేస్తోంది అన్నది ప్రతిచోటా విడిగా చూడాలి. ఒపోసమ్ అనే జంతువు ఒక్క సీజన్‌లో వేల పిడుదులను తినేస్తుందని సోషల్ మీడియాలో తిరిగే మాటది కూడా ఇదే కథ. పంజరంలో చేసిన అంచనా అది. అడవి ఒపోసమ్‌ల కడుపులు పరీక్షించినప్పుడు పిడుదులు కనిపించలేదు.

తల్లి నుంచి గుడ్డుకు, పక్కదాని నుంచి పక్కదానికి

జంతువు మారితేనే రోగం పాకుతుందంటే, జీవితమంతా ఒకే పశువు మీద గడిపే పిడుదు రోగాన్ని ఎలా వ్యాపింపజేస్తుంది? ఈ చిక్కుముడిని అమెరికా పరిశోధకులు థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ 1893లో విప్పారు. పశువులకు ఎర్ర మూత్రం, తీవ్ర జ్వరం తెచ్చే టెక్సాస్ జ్వరానికి కారణం బబేసియా అనే పరాన్నజీవి. అది ఆడ పిడుదు నుంచి గుడ్లలోకి చేరి, కొత్తగా పుట్టిన లార్వాలతో మరో పశువుకు చేరుతుందని వాళ్లు నిరూపించారు. పిడుదు తల్లి ఒక పశువును తాగితే, పిల్లలు ఇంకో పశువుకు రోగం ఇస్తాయి. పశువుల్లో గ్రంథుల వాపు, జ్వరం తెచ్చే థైలేరియాకు ఈ దారి లేదు. అది గుడ్లలోకి వెళ్లదు. ఒక దశలో అంటుకుని, కుబుసం విడిచాక తర్వాతి దశలో దిగాలి. అందుకే దాన్ని జంతువులు మారే హయలోమా లాంటి పిడుదులు మోస్తాయి.

యూరప్, ఆసియాల్లో మెదడువాపు తెచ్చే పిడుదు వైరస్ ఇంకో విచిత్రమైన దారి పట్టింది. ఎలుక చెవి మీద రోగమున్న నింఫ్, రోగం లేని లార్వా పక్కపక్కన తాగుతుంటే, ఆ చర్మంలోని కణాల ద్వారానే వైరస్ ఒకదాని నుంచి మరోదానికి చేరుతుంది. ఎలుక రక్తంలో వైరస్ పెద్దగా పెరగాల్సిన పనిలేదు. దీనికి లార్వాలు, నింఫ్‌లు ఒకే కాలంలో తిరగాలి. వసంతంలో ఎండ ఎంత త్వరగా ముదిరిందన్న చిన్న తేడా ఆ రెండింటి కాలాలను కలపొచ్చు, విడదీయొచ్చు. పక్కపక్కనే ఉన్న రెండు లోయల్లో పిడుదులు ఒకటే అయినా ఒకదాంట్లోనే రోగం ఉండటానికి ఇలాంటి తేడాలు కారణమవుతాయి.

మనిషి దారిలో పడటం

ఈ రోగాల్లో చాలావాటికి మనిషి అవసరమే లేదు. మనిషి నుంచి అవి మళ్లీ పిడుదుకు చేరడం అరుదు. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూర్ అడవిలో 1957లో బయటపడ్డ కోతి జ్వరం దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. దాని వైరస్ చిన్న జంతువుల్లో, హీమఫైసాలిస్ స్పినిజెరా అనే పిడుదులో తిరుగుతుంటుంది. కొండముచ్చులు, కోతులు అది సోకితే చనిపోతాయి. కోతి చనిపోయాక ఒళ్లు చల్లబడుతుంది, దాని మీది పిడుదులు అక్కడే రాలి, ఆ నేలంతా రోగంతో నిండుతుంది. వానలు తగ్గి నింఫ్‌లు ఎక్కువయ్యే డిసెంబరు నుంచి మే వరకు, కట్టెలకో పశువుల వెంటో అడవిలోకి వెళ్లినవాళ్లకు అవి అంటుకుంటాయి. అడవిలో మేసే పశువులు ఈ వైరస్‌ను పెద్దగా పెంచవు. కానీ పెద్ద పిడుదులకు భోజనమై వాటి సంఖ్యను పెంచుతాయి. అమెరికా అడవిలో జింక చేసే పనిని ఇక్కడ పశువు చేస్తోంది.

క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరంలో పశువు పాత్ర ఇంకా ప్రమాదకరం. హయలోమా కరిచిన గొర్రె, మేక, ఆవు పైకి ఆరోగ్యంగానే ఉంటాయి, కొన్ని రోజులు రక్తంలో వైరస్ ఉంటుంది. ఆ సమయంలో కోసినవాళ్లకు, చేతులతో పిడుదులను చిదిమినవాళ్లకు కాటు లేకుండానే రోగం వస్తుంది. పిడుదులను గోటితో నలపడం మానుకోవాలని పశువైద్యులు గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

వేడి కూడా ఎంపికను మార్చగలదు. మచ్చల జ్వరాన్ని మోసే కుక్క పిడుదుల ముందు ఒకవైపు కుక్కను, మరోవైపు మనిషిని ఉంచిన ప్రయోగంలో, ఉష్ణోగ్రత 38 డిగ్రీల దగ్గరికి వెళ్లినప్పుడు ఒక రకం పిడుదులు మనిషివైపు ఎక్కువగా మళ్లాయి. చల్లని ఉత్తర ప్రాంతాల్లోనూ పిడుదుల హద్దులు జరుగుతున్నాయి. కెనడాలో, స్వీడన్‌లో ఇంతకుముందు బతకలేని చోట్లకు ఇక్సోడెస్ చేరింది. వలస పక్షులు లార్వాలను, నింఫ్‌లను ఎప్పటినుంచో మోసుకెళ్తూనే ఉన్నాయి. మారిందల్లా దిగినచోట చలికాలం దాటగలగడం. దానికి జింకలు పెరగడం, అడవి అంచుల్లో ఇళ్లు కట్టడం తోడయ్యాయి. ఒక్క వాతావరణ మార్పునే కారణంగా చూపితే సగం కథే చెప్పినట్టు.

అదుపు ఎక్కడ సాధ్యం

అమెరికా 1906లో పశువుల పిడుదు నిర్మూలన మొదలుపెట్టి, పశువులను మందునీళ్లలో ముంచి తీస్తూ, 1943 నాటికి మెక్సికో సరిహద్దు పట్టీ మినహా దేశమంతటా దాన్ని తుడిచేసింది. ఒకే జంతువు మీద బతికే పిడుదు కాబట్టే ఇది కుదిరింది. ఆ సరిహద్దులో ఇప్పటికీ సమస్య తెగకపోవడానికి తెల్లతోక జింకలతో పాటు, భారత్ నుంచి తెచ్చి అక్కడ వదిలిన నీల్‌గాయ్‌లు కూడా కారణం. వాటిని మందునీళ్లలో ముంచడం ఎవరివల్లా కాదు. మరోపక్క మందులకు నిరోధకత పెంచుకున్న పశువుల పిడుదులు అనేక దేశాల్లో ఉన్నాయి. ఏటా ఒక్కటే మందును పదేపదే కొట్టడం ఆ నిరోధకతను ఇంకా తొందరగా తెస్తుంది.

టీకాల విషయంలోనూ ఇదే గీత కనిపిస్తుంది. పిడుదు పేగు గోడలోని బీఎం86 అనే ప్రోటీన్‌తో చేసిన టీకాను 1990లలో ఆస్ట్రేలియాలో, క్యూబాలో వాడకంలోకి తెచ్చారు. టీకా వేసిన పశువు రక్తంలోని ప్రతిరక్షకాలు పిడుదు కడుపులోకి వెళ్లి పేగును దెబ్బతీస్తాయి, ఆడది పెట్టే గుడ్లు తగ్గుతాయి. మందలోని పశువులన్నింటికీ వేస్తే ఆ పిడుదుకు వెళ్లడానికి వేరే చోటు పెద్దగా ఉండదు. మూడు జంతువులు మారే పిడుదుకు ఇలాంటి టీకా వేయాలంటే ఎలుకలకు, జింకలకు కూడా వేయాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని డచెస్ కౌంటీలో కొన్నేళ్లపాటు ఇళ్ల పెరళ్లలో ఎలుకల ఒంటికి మందు అంటుకునేలా చేసే పెట్టెలు పెట్టి చూసినప్పుడు పిడుదులు బాగా తగ్గాయి. ఆ ఇళ్లలో మనుషులకు వచ్చే రోగాలు మాత్రం తగ్గినట్టు తేలలేదు. పెరడు బయట, దారుల్లో, పొదల్లో కాచుకున్న పిడుదులకు ఆ పెట్టెలతో సంబంధం లేదు.